ఆఫీసులో నాయకులు ఎలా తయారవుతారు?

పనిలో అందరికంటే చురుగ్గా ఉన్న మనిషిని ఏరి పదిమంది మీద పెద్దగా కూర్చోబెట్టడం దాదాపు ప్రతి సంస్థలోనూ జరిగేదే. బాగా అమ్మే సేల్స్‌మన్ ఏరియా మేనేజర్ అవుతాడు. కోడ్ బాగా రాసే ఇంజినీరు టీమ్ లీడ్ అవుతుంది. పాఠం బాగా చెప్పే మాస్టారు హెడ్‌మాస్టర్ అవుతారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. నిన్నటిదాకా తన పని తాను చక్కగా చేసుకుంటే సరిపోయేది, ఇవాళ్టి నుంచి ఇతరుల చేత చేయించాలి. పని పంచాలి, తప్పు జరిగితే మొహం మీదే చెప్పాలి, తన వాళ్ల తరఫున పైవాళ్లతో వాదించాలి, సగం సమాచారం చేతిలో ఉండగానే నిర్ణయం తీసుకోవాలి. పాత పనిలోని నేర్పు వీటిలో దేనికీ పూచీ ఇవ్వదు.

ఈ లోటు పూడ్చడానికి సంస్థలు ప్రధానంగా రెండు దారులు పట్టాయి. ఒకటి తరగతి గదిలో ఇచ్చే నాయకత్వ శిక్షణ. రెండోది మెంటరింగ్, అంటే అనుభవం ఉన్న సీనియర్‌ను జూనియర్‌కు తోడుగా నిలపడం. మొదటిదానికి పద్దు రాయడం తేలిక: ఇన్ని రోజులు, ఇంతమంది, ఇంత ఖర్చు. రెండోదానికి అలాంటి లెక్క కుదరదు. అందుకేనేమో డబ్బు ఎక్కువగా మొదటిదాని మీదే ఖర్చవుతుంటుంది.

నాయకత్వాన్ని ప్రత్యేకంగా నేర్పించవచ్చన్న ఆలోచన రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బాగా బలపడింది. అప్పటికి సైన్యాల్లో స్టాఫ్ కాలేజీలు ఉండేవి. అదే పేరు అరువు తెచ్చుకుని 1945లో బ్రిటన్‌లోని హెన్లీ పట్టణం దగ్గర అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ పెట్టారు. పదేళ్లు తిరిగేసరికి ఆ గాలి ఖండాలు దాటింది. 1956లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ తన మేనేజర్ల కోసం న్యూయార్క్ రాష్ట్రంలోని క్రోటన్‌విల్‌లో సొంత విద్యాలయం తెరిచింది. అదే ఏడాది జేఆర్‌డీ టాటా ఆధ్వర్యంలో టాటా అడ్మినిస్ట్రేటివ్ సర్వీస్ మొదలైంది. యువతను ఏరి, గ్రూపులోని రకరకాల కంపెనీల్లో తిప్పి, పెద్ద బాధ్యతలకు సిద్ధం చేయడం దాని పని. హెన్లీ నమూనాలో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా హైదరాబాద్‌లో వెలిసిందీ 1956లోనే. అందరూ ఆస్కీ అని పిలిచే ఆ సంస్థకు నిజాం పెద్ద కుమారుడు, బేరార్ యువరాజు ఆజం జా నివసించిన బెల్లావిస్టా భవనం చిరునామా అయింది. సైనిక దళాధిపతిగా పదవీ విరమణ చేసిన జనరల్ ఎస్.ఎం. శ్రీనగేశ్ 1957 నుంచి 1959 వరకు దానికి ప్రిన్సిపల్‌గా ఉన్నారు. తర్వాత 1962లో ఆయనే ఆంధ్రప్రదేశ్ గవర్నర్‌గా మళ్లీ హైదరాబాద్ వచ్చారు. 1961లో బేగంపేటలో స్టేట్ బ్యాంక్ స్టాఫ్ కాలేజీ కూడా రావడంతో అధికారుల శిక్షణకు ఈ నగరం ఒక కేంద్రమైంది.

హెన్లీ నుంచి ఆస్కీకి వచ్చిన ముఖ్యమైన సరుకు సిండికేట్ పద్ధతి. ఇందులో ఉపన్యాసానిది రెండో స్థానం. ప్రభుత్వ శాఖల నుంచి, ప్రభుత్వ రంగ సంస్థల నుంచి, ప్రైవేటు కంపెనీల నుంచి, సైన్యం నుంచి వచ్చిన పదిమందిని ఒక జట్టుగా కూర్చోబెడతారు. వాళ్లకో సమస్య ఇస్తారు. ఒకరు అధ్యక్షత వహించాలి, మరొకరు కార్యదర్శిగా చర్చ సారాంశం రాయాలి, గడువులోగా అందరూ ఒప్పుకునే నివేదిక తేల్చాలి, ఆపైన మిగతా జట్ల ముందు దాన్ని సమర్థించుకోవాలి. సమస్య మారితే అధ్యక్షుడూ మారతాడు. కాలేజీ తరఫున ఒక ఆచార్యుడు పక్కనే కూర్చుంటాడు గానీ సాధ్యమైనంత వరకు నోరు విప్పడు.

చూడ్డానికి మామూలుగా ఉన్నా ఈ ఏర్పాటులో మంచి కిటుకుంది. ఆఫీసులో తన మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేని అధికారి ఇక్కడ తన కింద పనిచేయని తొమ్మిదిమందిని ఒప్పించాలి. హోదా ఇక్కడ చెల్లదు. ఎదుటివాళ్ల మాట వినాలి, అలిగినవాణ్ని చర్చలోకి లాగాలి, వదలకుండా మాట్లాడేవాణ్ని నొప్పించకుండా ఆపాలి. మర్నాడు వేరొకరు అధ్యక్షులైతే తాను మామూలు సభ్యుడిగా కూర్చుని, నిన్న తాను చేసిన పొరపాట్లనే వాళ్లు చేస్తుంటే చూడాలి. నాయకత్వం గురించి చెప్పడం కాకుండా, కాసేపు చేయించి చూపడం ఈ పద్ధతి గొప్పదనం. ఇప్పుడు రెండు రోజుల వర్క్‌షాపుల్లో స్లైడ్ల మీద స్లైడ్లు నడిపించే శిక్షకులు దీన్ని మరిచిపోయినట్లు కనిపిస్తుంది.

అయితే తరగతి ఎంత బాగున్నా ఆఫీసుకు తిరిగి వెళ్లాక ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. దీనికి డెబ్బై ఏళ్ల కిందటే జవాబు దొరికింది. అమెరికాలో ట్రాక్టర్లు, వ్యవసాయ యంత్రాలు తయారుచేసే ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ తన ఫోర్‌మన్లను ఒక కేంద్ర పాఠశాలకు పంపి మానవ సంబంధాల్లో శిక్షణ ఇప్పించేది. కార్మికులతో మర్యాదగా మెలగడం, వాళ్ల మాట వినడం అందులో ముఖ్య పాఠాలు. ఓహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకుడు ఎడ్విన్ ఫ్లైష్‌మన్ ఆ ఫోర్‌మన్లను పరిశీలించి 1953లో ఫలితాలు ప్రచురించాడు. పాఠశాల నుంచి బయటికి వచ్చిన రోజున వాళ్ల ఆలోచనలో మార్పు కనిపించింది. ఫ్యాక్టరీకి వెళ్లాక అది నిలవలేదు. ఫోర్‌మన్ ఎలా నడుచుకుంటాడన్నది అతను నేర్చుకున్న పాఠాన్ని బట్టి కాక, అతని పై అధికారి ఎలా నడుచుకుంటాడన్న దాన్ని బట్టి తేలింది. అరిచే బాస్ కింద ఫోర్‌మన్ కూడా మళ్లీ అరవడం మొదలుపెట్టాడు.

నాయకత్వ శిక్షణ గురించి రాసినవాటిలో ఇంతకంటే ఉపయోగపడే మాట మరొకటి లేదనే చెప్పాలి. కింది మేనేజర్లను శిక్షణకు పంపి పైవాళ్లను ఉన్నచోటే ఉంచితే ఖర్చు దండుగ అవుతుంది. కానీ సంస్థల్లో ఎక్కువగా జరిగేది అదే. శిక్షణ ఎప్పుడూ కిందివాళ్లకే అవసరమని పైవాళ్ల నమ్మకం.

తరగతి కాకపోతే మరి నాయకులు ఎక్కడ నేర్చుకుంటారు? అమెరికాలోని గ్రీన్స్‌బరోలో ఉన్న సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ పరిశోధకులు 1980లలో దాదాపు 200 మంది ఉన్నతాధికారులను ఇదే అడిగారు. మీలో నిజమైన మార్పు తెచ్చిన సంఘటనలేవి అన్నది ప్రశ్న. జవాబుల్లో ఎక్కువ భాగం పని గురించే వచ్చాయి: మూతపడబోయే విభాగాన్ని నిలబెట్టడం, ఏమీ లేనిచోట కొత్త యూనిట్ మొదలుపెట్టడం, చేదు వైఫల్యం. ఆ తర్వాత వచ్చినవి మనుషుల గురించి, ముఖ్యంగా మంచి బాస్, చెడ్డ బాస్ గురించి. కోర్సుల మాట చివర్లో వచ్చింది. ఆ పరిశోధన నుంచే 70-20-10 అనే సూత్రం పుట్టింది. పని ద్వారా 70 శాతం, మనుషుల ద్వారా 20, తరగతుల ద్వారా 10 శాతం నేర్చుకుంటారని దాని సారం. మానవ వనరుల విభాగాలు దీన్ని వేదవాక్కులా వల్లిస్తుంటాయి గానీ, ఇది తూకం వేసి తీసిన లెక్క కాదు. మనుషులు తమ గతాన్ని గుర్తు చేసుకుని చెప్పిన మాటల నుంచి తీసిన గుండుగుత్త అంచనా. అంకెల్ని పక్కన పెట్టి వరుసను మాత్రం నమ్మవచ్చు.

పని చేత పాఠం చెప్పించడంలో మన దేశంలో బాగా పేరుపడ్డ ఉదాహరణ హిందుస్థాన్ లీవర్‌ది. ఇప్పుడది హిందుస్థాన్ యూనిలీవర్. ఉత్తరప్రదేశ్‌లోని ఏటా జిల్లాలో ఆ కంపెనీకి పాల డెయిరీ ఉండేది. పాలు చాలక డెయిరీ నష్టాల్లో పడింది. పాలెందుకు రావడం లేదని చూస్తే పశువుల జబ్బులు, మేత కొరత, రైతుకు అప్పు దొరక్కపోవడం లాంటి కారణాలు బయటపడ్డాయి. 1976లో కంపెనీ అక్కడ గ్రామీణాభివృద్ధి కార్యక్రమం చేపట్టి, పెద్ద పెద్ద కాలేజీల నుంచి కొత్తగా చేరిన మేనేజ్‌మెంట్ ట్రైనీలను ఆ ఊళ్లకు పంపింది. వాళ్లు కొన్ని వారాల పాటు పల్లె ఇళ్లలోనే ఉండాలి, అక్కడి వాళ్లు తిన్నదే తినాలి, ఊరికి పనికొచ్చే ఏదో ఒక పని చేసి రావాలి. ఆదేశం ఇచ్చే అధికారం లేనిచోట పని జరిపించడం అక్కడ నేర్చుకున్నారు. సబ్బులు, టీ పొడి కొనేవాళ్లు ఎలా బతుకుతారో కళ్లారా చూశారు. ఈ అనుభవం తర్వాత ఎన్నో ఏళ్ల పాటు ఆ కంపెనీ శిక్షణలో భాగమైంది.

కష్టమైన పని ఒక్కటే అప్పగించి వదిలేస్తే కొందరు రాటుదేలతారు, చాలామంది బెదిరిపోతారు. మెంటర్ అవసరం ఇక్కడ వస్తుంది. మెంటరింగ్ మీద పునాది లాంటి పరిశోధన కాథీ క్రామ్‌ది. ఒక పెద్ద ప్రజా సేవల కంపెనీలో సీనియర్, జూనియర్ మేనేజర్ల మధ్య 18 బంధాలను ఆమె దగ్గరగా పరిశీలించింది. దాని మీద 1983లో వ్యాసం, 1985లో పుస్తకం వచ్చాయి. మెంటర్ చేసే మేలు రెండు రకాలని ఆమె తేల్చింది. మొదటిది ఉద్యోగ జీవితానికి సంబంధించింది: పేరు సిఫారసు చేయడం, పైవాళ్ల కళ్లలో పడే అవకాశం ఇవ్వడం, మెళకువలు చెప్పడం, దెబ్బ తగలకుండా అడ్డు నిలవడం, సత్తాకు పరీక్ష పెట్టే పని అప్పగించడం. రెండోది మనసుకు సంబంధించింది: ఆదర్శంగా ఉండటం, నువ్వు చేయగలవన్న భరోసా, గోడు వినడం, స్నేహం.

ఈ జాబితా కాగితం మీద పొడిగా ఉంటుంది. శ్రీహరికోటలో అది ఎలా నడిచిందో చూస్తే ప్రాణం పోసుకుంటుంది. 1979 ఆగస్టు 10న భారత తొలి ఉపగ్రహ వాహక నౌక ఎస్ఎల్‌వీ-3 ప్రయోగానికి సిద్ధమైంది. ప్రాజెక్టు డైరెక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం, ఇస్రో చైర్మన్ సతీశ్ ధావన్. ప్రయోగానికి కొద్ది నిమిషాల ముందు నియంత్రణ వ్యవస్థలో లోపం ఉందంటూ కంప్యూటర్ కౌంట్‌డౌన్‌ను ఆపేసింది. ఇంధనం చాలినంత ఉందని నిపుణులు చెప్పడంతో కలాం కంప్యూటర్ మాటను పక్కన పెట్టి ప్రయోగానికే మొగ్గారు. మొదటి దశ సవ్యంగా నడిచింది. రెండో దశ అదుపు తప్పింది, రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. విలేకరుల ముందుకు కలాంను పంపకుండా ధావన్ తానే వెళ్లారు. విఫలమయ్యామని ఒప్పుకున్నారు, తన బృందం మీద నమ్మకం ఉందన్నారు. విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రానికి డైరెక్టర్‌గా ఉన్న బ్రహ్మప్రకాశ్ కుంగిపోయిన కలాంకు ఆసరాగా నిలిచారు. ఏడాది తిరక్కముందే, 1980 జులై 18న, ఎస్ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు విలేకరులతో మాట్లాడమని ధావన్ కలాంనే పంపారు.

కలాం తన జీవితమంతా చెప్పుకున్న ఈ ఉదంతాన్ని సాధారణంగా బాస్ పెద్ద మనసుకు నిదర్శనంగా చెబుతారు. అందులో పెద్ద మనసు కంటే ఎక్కువే ఉంది. మొదటి రోజు అడ్డు నిలవడం, రెండో రోజు అందరి కళ్లలో పడే అవకాశం ఇవ్వడం, ఈ రెండింటికీ మధ్య అదే పనిని అదే మనిషి చేతిలో ఉంచడం: క్రామ్ జాబితాలోని మూడు అంశాలు ఏడాది వ్యవధిలో ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తాయి. మూడోది తరచూ ఎవరి దృష్టికీ రాదు. వైఫల్యం తర్వాత ప్రాజెక్టు డైరెక్టర్‌ను మార్చి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

ప్రభుత్వంలో పనిని, మెంటర్‌ను కలిపే ఏర్పాటు ఒక క్రమంలో సాగేది ఐఏఎస్ శిక్షణలో. ముస్సోరీ అకాడమీలో తరగతులు, తర్వాత సుమారు ఏడాది జిల్లా శిక్షణ, మళ్లీ అకాడమీ. జిల్లాలో ఉన్నంత కాలం కలెక్టరే గురువు. అసిస్టెంట్ కలెక్టర్‌గా వచ్చిన యువ అధికారి ఒక్కో కార్యాలయంలో కొన్నాళ్లు కూర్చుని పని చూస్తాడు, ఆపైన కొన్ని వారాలు ఒక మండలాన్నో, అలాంటి మరో కార్యాలయాన్నో సొంతంగా నడుపుతాడు. నిజమైన పాఠాలు సోమవారం ప్రజల అర్జీలు తీసుకునే గ్రీవెన్స్‌లో, కలెక్టర్ పక్క కుర్చీలో జరుగుతాయి. ఒకే పొలం తగాదా మీద మూడోసారి అర్జీ పట్టుకొచ్చిన ముసలావిడ విషయంలో ఫైలు ఏం చెబుతోంది, ఆమె ఏం చెబుతోంది, తహసీల్దార్ ఏం దాస్తున్నాడు అన్నవి ఏ మాన్యువల్‌లోనూ దొరకవు. కలెక్టర్ ఎవరిని కూర్చోమంటున్నాడో, ఎవరిని నిలబెట్టి మాట్లాడుతున్నాడో కూడా ట్రైనీ గమనిస్తూనే ఉంటాడు. ఆంధ్రప్రదేశ్ కేడర్‌లో వెట్టిచాకిరీ నిర్మూలనకు, దళితుల, ఆదివాసుల హక్కులకు జీవితం ధారపోసిన ఎస్.ఆర్. శంకరన్‌ను తరాల అధికారులు గురువుగా చెప్పుకోవడం వెనుక ఆయన ప్రసంగాలకంటే ఆయన బతికిన తీరే ఎక్కువ. అయితే ఈ పద్ధతికి ఓ బలహీనత ఉంది. మంచి కలెక్టర్ దొరకడం అదృష్టం మీద ఆధారపడుతుంది. ఫ్లైష్‌మన్ చూసిన ఫోర్‌మన్ కథ ఇక్కడా వర్తిస్తుంది.

పెద్ద కంపెనీలు ఆ అదృష్టాన్ని ఏర్పాటుగా మార్చాలని చూస్తాయి. జంటలు కుదిర్చి, ఆరు నెలలకో ఏడాదికో మెంటరింగ్ కార్యక్రమం పెడతాయి. ఇలా కుదిర్చిన జంటల కంటే తమంతట తాము కలిసిన జంటలే ఎక్కువ ఫలిస్తాయని పరిశోధనలు చెబుతున్నాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. మెంటర్‌తో పొసగని ఉద్యోగులు అసలు మెంటరే లేనివాళ్ల కంటే మెరుగ్గా ఏమీ లేరని బెల్ రోజ్ రాగిన్స్, ఆమె సహ పరిశోధకులు 2000లో చూపారు. పేరుకు జత కలిపితే సరిపోదన్నమాట.

కార్యక్రమం నడవాలంటే కొన్ని జాగ్రత్తలు తప్పవు. జూనియర్‌కు అప్రైజల్ రాసే మనిషే మెంటర్ కాకూడదు. మార్కులు వేసే చేతికి ఎవరూ తమ లోపాలు చూపించుకోరు. అక్కడ అనుకున్న మాట అక్కడే ఉండాలి. జంటకు నచ్చకపోతే మొహమాటం లేకుండా విడిపోయే వీలుండాలి. మెంటర్‌కూ కొంత శిక్షణ కావాలి, ముఖ్యంగా నోరు కట్టేసుకోవడంలో. కొత్తగా టీమ్ లీడ్ అయిన అమ్మాయి, "వాళ్లకి చెప్పి చేయించేలోపు నేనే చేసేస్తే అయిపోతుంది కదండీ" అన్నప్పుడు, పని పంచడం గురించి పావుగంట ఉపన్యాసం ఇచ్చే సీనియర్లే ఎక్కువ. "ఇవాళ అయిపోతుందమ్మా. నువ్వు సెలవు పెట్టిన రోజున ఎవరు చేస్తారు?" అని అడిగి ఆగేవాడు అరుదు. ఆ తర్వాతి నిశ్శబ్దంలో ఆమె తన టీమ్‌లో ఒకరి పేరు చెబితే, వచ్చే సమావేశానికి మాట్లాడాల్సిన విషయం దొరికినట్లే.

మహిళల విషయంలో మెంటరింగ్ పరిమితి స్పష్టంగా బయటపడింది. మహిళలకు మెంటర్లు ఉన్నా ప్రమోషన్లు పురుషులకే ఎక్కువగా ఎందుకు వస్తున్నాయని హెర్మీనియా ఇబారా, మరో ఇద్దరు పరిశోధకులు 2010లో ఆరా తీశారు. మహిళల మెంటర్లు సంస్థలో అంత పెద్ద స్థానాల్లో లేరు. సలహాలు ఇచ్చారు గానీ, ప్రమోషన్ల సమావేశంలో పేరు ఎత్తి పట్టుబట్టలేదు. పురుషుల మెంటర్లు ఆ పనీ చేశారు. సలహా ఇచ్చేవాడికి పోయేదేమీ లేదు. పేరు సిఫారసు చేసేవాడు తన పరపతిని పణంగా పెడతాడు. నాయకత్వ అభివృద్ధి పేరుతో మహిళలకు మరో వర్క్‌షాపు పెట్టడం తేలిక కాబట్టే చాలా సంస్థలు అక్కడితో ఆగిపోతాయి.

పాఠం ఎప్పుడూ పైనుంచి కిందికే రావాలని లేదు. 1999లో జనరల్ ఎలక్ట్రిక్ అధినేత జాక్ వెల్చ్ తన సీనియర్ మేనేజర్లను ఇంటర్నెట్ నేర్చుకోవడానికి యువ ఉద్యోగుల దగ్గరికి పంపాడు. దాన్నే రివర్స్ మెంటరింగ్ అంటున్నారు. సాంకేతికత నేర్చుకోవడం వరకు అది బాగానే నడుస్తుంది. ఆఫీసులో తనకు ఎదురయ్యే వివక్ష గురించి జూనియర్ చెబుతుంటే సీనియర్ నొచ్చుకోకుండా వినగలగడం దాని అసలు పరీక్ష.

ఫలితం కొలవడం ఇంకా కొరుకుడుపడని వ్యవహారం. శిక్షణను నాలుగు మెట్ల మీద అంచనా వేయాలని డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లోనే సూచించాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో నడత మారిందా, సంస్థకు ఫలితం దక్కిందా. చివరి రోజు నింపే ఫీడ్‌బ్యాక్ ఫారం మొదటి మెట్టుకే సరి. భోజనం బాగుండి, శిక్షకుడు నవ్వించగలిగితే అందులో మంచి మార్కులే పడతాయి. మూడో మెట్టు తెలియాలంటే ఆరు నెలల తర్వాత ఆ మనిషి కింద పనిచేసేవాళ్లను అడగాలి. వాళ్లను అడిగే సంస్థలు తక్కువ.

ఇదంతా ఆఫీసులకే పరిమితం కాదని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ స్వయం సహాయక సంఘాలు చూపాయి. 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ, అంటే సెర్ప్, సంఘాలను నిలబెట్టడానికి అధికారుల కంటే సంఘాల్లో పండిపోయిన మహిళలనే ఎక్కువగా నమ్ముకుంది. వాళ్లే కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లు, అంటే సీఆర్‌పీలు. అప్పు తీసుకుని, తీర్చి, బ్యాంకు మేనేజర్‌తో మాట్లాడి, గ్రామ సంఘాన్ని నడిపిన మహిళ మరో ఊరు వెళ్లి రెండు వారాల పాటు అక్కడే ఉంటుంది. పొదుపు పుస్తకం ఎలా రాయాలో, సమావేశంలో గట్టిగా మాట్లాడే ఒక్కరి మాటే చెల్లకుండా ఎలా చూడాలో పక్కన కూర్చుని చూపిస్తుంది. ఆ ఊరి ఆడవాళ్లకు ఆమె మేడమ్ కాదు, అక్క. తన కథే ఆమె చెప్పే పాఠం. 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ మొదలయ్యాక ఈ పద్ధతి దేశమంతా పాకింది. మన పల్లెల సీఆర్‌పీలు బిహార్ లాంటి ఉత్తరాది రాష్ట్రాలకూ వెళ్లారు. భాష రాకపోయినా వచ్చీరాని హిందీతో, సైగలతో నెట్టుకొచ్చారు. వెళ్లిన ప్రతిచోటా స్థానిక మహిళల్లో చురుకైనవాళ్లను గుర్తించి తమ వెంట తిప్పుకున్నారు. కొన్నాళ్లకు అక్కడి మహిళలే సీఆర్‌పీలుగా పక్క జిల్లాలకు బయల్దేరారు.